నీకెలా తెలుసు?
పిల్లలకు సరిగా ఆలోచించడం నేర్పే రహస్య కథలు

తరగతి గదిలో ఒక పిల్లవాడి పది రూపాయలు పోయాయి అనుకుందాం. టీచరు లోపలికి వచ్చేసరికి పిల్లలంతా ఒకే పేరు చెబుతున్నారు. ఆ పిల్లవాడు తీస్తుండగా చూసినవారు ఎవరూ లేరు. అయినా అందరికీ ‘తెలుసు’. అతని చొక్కా చిరిగి ఉంది. తండ్రి తాగుతాడు. క్రిందటేడు ఎవరిదో బలపం తీశాడట. సంచీ వెతుకుతారు, ఏమీ దొరకదు. అప్పుడు “ఎక్కడో దాచేశాడండీ” అంటారు. దొరికితే దొంగ, దొరక్కపోతే గడుసు దొంగ! ఆ పిల్లవాడు బయటపడే దారి ఏది?

ఇటువంటిది మన బడుల్లో, మన వీధుల్లో, చివరకు మన సంఘాల్లో కూడా జరుగుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఆ తరగతిలో లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునే పిల్లలు కూడా ఉంటారు. లెక్కలో ప్రతి మెట్టుకూ కారణం చూపగల పిల్లలు తోటి మనిషి విషయం వచ్చేసరికి కారణం అడగడం మరచిపోతారు. తర్కం పరీక్ష కాగితం మీద మాత్రమే పనికి వచ్చేదని వారు అనుకుంటున్నారు. వారిని అలా అనుకోనిచ్చింది మనమే.

దీనికి ఒక మంచి మందు ఉంది. చేదు మందు కాదు, పిల్లలు అడిగి మరీ పుచ్చుకునే మందు. అదే రహస్య కథ. ఎవరు చేశారో, ఎందుకు జరిగిందో తెలియని ఒక సంగతిని పిల్లల ముందు పెట్టి, ఆధారాలు ఒక్కొక్కటే చేతికిచ్చి, “మీరే తేల్చండి” అనడం.

డిటెక్టివ్ కథలా? బడిలోనా?

“డిటెక్టివ్ కథలా? అవి పాడు పుస్తకాలు కావా?” అని పెద్దలు కొందరు అడుగుతారు. వారి భయం అర్థం చేసుకోదగ్గదే. ఒకప్పుడు అద్దె పుస్తకాల కొట్లలో దొరికే డిటెక్టివ్ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిన తరం మనది. అన్నీ పిల్లలకు తగినవి కావు, నిజమే. రక్తపాతాన్ని రుచిగా వర్ణించే కథ మనకు అక్కరలేదు. మనకు కావలసింది ఆ కథల్లోని వెతుకులాట మాత్రమే.

పైగా ఈ కథలకూ సంఘానికీ ఉన్న సంబంధం మనం అనుకునేదానికన్నా దగ్గరది. షెర్లాక్ హోమ్స్ తరువాత ఇంగ్లండులో పేరుపొందిన డిటెక్టివ్ ఒక పాదిరి! జి. కె. చెస్టర్టన్ 1910లో సృష్టించిన ఫాదర్ బ్రౌన్ అతడు. మొదటి కథలో ఒక గజదొంగ పాదిరి వేషం వేసుకుని ఇతని వెంట బయలుదేరుతాడు. అతడు నిజమైన పాదిరి కాడని ఫాదర్ బ్రౌన్ ఎలా కనిపెట్టాడో తెలుసా? మాటల్లో మాటగా ఆ మనిషి బుద్ధిని, తర్కాన్ని తక్కువచేసి మాట్లాడాడు. నిజంగా వేదాంతం చదివినవాడు అలా మాట్లాడడని ఫాదర్ బ్రౌన్‌కు తెలుసు.

రోనాల్డ్ నాక్స్ అనే రోమన్ కేతలిక్ గురువు కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. అటువంటి కథలు రాసేవారికి 1929లో ఆయన పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికి కూడా వెంటనే చూపించాలి. ‘నాకెందుకో అలా తోచింది’ అంటే కుదరదు. దయ్యాలనూ మానవాతీత శక్తులనూ జవాబుగా తీసుకురాకూడదు. దైవసేవకుడే ఈ నియమం పెట్టాడని గమనించండి. దేవుని శక్తిని నమ్మిన మనిషే, నేరం ఎవరిదో తేల్చేటప్పుడు రుజువు కావాలన్నాడు.

డొరతీ సేయర్స్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఆమె ఇంగ్లండు సంఘంలో ఒక పాదిరిగారి కుమార్తె. డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకుంది. ప్రభువు జీవితాన్ని రేడియో నాటకాలుగా రాసింది కూడా ఆమే. పిల్లలకు విషయాలు నూరిపోస్తున్నామే తప్ప ఆలోచించే పనిముట్లు చేతికివ్వడం లేదని ఆమె 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగాన్ని విద్యావేత్తలు ఇప్పటికీ తలచుకుంటారు. 1928లో ఆమె కూర్చిన రహస్య కథల సంకలనంలో దానియేలు గురించిన రెండు పురాతన కథలు ఉన్నాయి. అవి మన ప్రొటెస్టెంట్ బైబిలులో లేవు, అపొక్రిఫాలోనివి. వాటిలో ఒకటి సూసన్న కథ. సూసన్న మీద ఇద్దరు పెద్దమనుషులు నేరం మోపుతారు. ఊరంతా నమ్మి మరణశిక్ష వేస్తుంది. అప్పుడు యౌవనుడైన దానియేలు లేచి ఆ ఇద్దరినీ వేరువేరుగా నిలబెట్టి ఒకే ప్రశ్న అడుగుతాడు: ఏ చెట్టు క్రింద చూశారు? ఇద్దరూ రెండు వేర్వేరు చెట్ల పేర్లు చెబుతారు. నిర్దోషి ప్రాణం దక్కుతుంది.

మన బైబిలులోనే సొలొమోను తీర్పు ఉంది. ఇద్దరు తల్లులు, ఒక బిడ్డ, సాక్షులు లేరు. రాజు ఎవరి ముఖం చూసీ తీర్పు చెప్పలేదు. ఒక పరీక్ష పెట్టాడు. అసలు తల్లి ఒకలా, కాని తల్లి మరొకలా ప్రవర్తించేటట్టు ఆ పరీక్ష ఉంది. జ్ఞానమంటే అది.

లండన్‌లో ఒక వీధి: పిల్లలకు ఇవ్వదగిన నిజమైన రహస్యం

కల్పిత కథకన్నా నిజంగా జరిగిన రహస్యం మేలు. హత్యలూ దొంగతనాలూ లేకుండానే ఒళ్లు జలదరించే రహస్యం ఒకటి ఇక్కడ ఇస్తున్నాము. ఆరవ తరగతి నుంచి పిల్లలకు చక్కగా పనికివస్తుంది. మీరు కూడా పిల్లలతోపాటు ఆలోచిస్తూ చదవండి.

1854 ఆగస్టు నెలాఖరు. లండన్‌లో సోహో అనే పేట. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టూ ఒక్కసారిగా కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో అయిదు వందలమందికి పైగా చనిపోయారు. కలరా క్రిమి సంగతి అప్పటి డాక్టర్లకు తెలియదు. కుళ్లు వాసన, చెడ్డ గాలి వల్ల వస్తుందని చాలామంది పెద్ద డాక్టర్ల అభిప్రాయం. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం నీటి వల్ల వస్తుందేమోనని అనుమానించాడు. ఆ వీధిలో బావి మీద అమర్చిన చేతిపంపు ఒకటి ఉంది, మన ఊళ్లలో బోరింగు అంటామే, అలాంటిది.

ఇప్పుడు ఈ ఆధారాలు చూడండి.

1. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇళ్లు ఆ పంపు చుట్టుప్రక్కలనే ఉన్నాయి.

2. ఆ నీరు చూడటానికి శుభ్రంగా ఉంది. రుచిగా ఉంటుందని దూరం నుంచి వచ్చి పట్టుకుపోయేవారు కూడా ఉన్నారు.

3. దగ్గరలోనే పేదల ఆశ్రమం ఉంది. అందులో 535 మంది ఉన్నారు. చుట్టూ ఉన్న ఇళ్లలో చావులే. ఆశ్రమంలో కలరాతో పోయినవారు అయిదుగురే. ఆశ్రమానికి సొంత బావి ఉంది.

4. అదే వీధిలో బీరు తయారుచేసే కార్ఖానా ఉంది. డెబ్బై మందికి పైగా పనివారు. ఒక్కరు కూడా కలరాతో చనిపోలేదు. వారికి తాగడానికి బీరు ఇచ్చేవారు. కార్ఖానాలో సొంత బావి కూడా ఉంది.

5. అదే వీధిలో తుపాకీ తూటాల సామాను చేసే కార్ఖానా ఉంది. అందులో రెండు వందలమంది పనివారు. వారు తాగడానికి రెండు తొట్లలో ఆ పంపు నీళ్లు నింపి ఉంచేవారు. పద్ధెనిమిదిమంది చనిపోయారు.

6. కొన్ని మైళ్ల దూరాన హాంప్‌స్టెడ్ అనే చోట ఒక విధవరాలు కలరాతో చనిపోయింది. ఆ చుట్టుప్రక్కల మరెక్కడా కలరా లేదు. ఆమె ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉండేది. ఆ నీటి రుచి మరిగి, రోజూ బండి మీద ఒక సీసాడు నీళ్లు తెప్పించుకునేది.

7. ఆమెను చూడటానికి వచ్చిన మేనకోడలు అవే నీళ్లు తాగి, ఇస్లింగ్టన్ అనే మరో పేటలోని తన ఇంటికి వెళ్లి చనిపోయింది. అక్కడ కూడా అప్పుడు కలరా లేదు.

ఇక్కడ ఆగండి. పిల్లలను అడగండి: గాలి వల్లనా, నీటి వల్లనా?

తొందరపడే పిల్లలు మొదటి ఆధారం చూడగానే “నీళ్లే!” అని అరుస్తారు. అప్పుడు టీచరు ఎదురు ప్రశ్న వేయాలి. “పంపు దగ్గర గాలి కూడా ఉంది గదా? ఆ వీధిలో గాలి చెడిపోయినా సరే, పంపు చుట్టూనే మనుషులు పోతారు గదా?” పిల్లలు తెల్లబోతారు. నిజమే, మొదటి ఆధారం రెండు ఊహలకూ సరిపోతుంది. కాబట్టి అది దేనినీ తేల్చలేదు.

ఇక్కడే అసలు పాఠం ఉంది. ప్రతి ఊహకూ ఒక ప్రశ్న వేయాలి: ఇదే నిజమైతే ఇంకేం జరిగి ఉండాలి? గాలే కారణమైతే ఆశ్రమంలోని 535 మందీ అదే గాలి పీల్చారు, బీరు కార్ఖానా పనివారూ అదే గాలి పీల్చారు. వారిలో కూడా చుట్టుప్రక్కల ఇళ్లలో పోయినట్టే పోవాలి. పోలేదు. హాంప్‌స్టెడ్ విధవరాలు ఆ గాలి పీల్చనే లేదు. ఆమె బతకాలి. బతకలేదు. నీళ్లే కారణమైతే మాత్రం ఈ సంగతులన్నీ వరసగా సర్దుకుంటాయి. ఒక్క ఊరి చావుల లెక్కకన్నా, దూరాన పోయిన ఆ ఇద్దరు స్త్రీల సంగతీ, మధ్యలో ఉండి పోని ఆ డెబ్బై మంది సంగతీ ఎక్కువ చెబుతున్నాయి. మన ఊహకు సరిపోయే సంగతులు ఎన్ని పోగుచేసినా చాలదు. రెండు ఊహలనూ విడదీసి చూపే సంగతి వెతకాలి.

స్నో ఈ వివరాలు చెప్పిన మీదట సెప్టెంబరు 8న పేట పెద్దలు ఆ పంపు పిడి తీయించారు. అప్పటికే చాలామంది ఇళ్లు వదిలి పారిపోయారు, జబ్బు కూడా తగ్గుముఖం పట్టింది. కాబట్టి పిడి తీయడం వల్లనే జబ్బు ఆగిందని రూఢిగా చెప్పలేనని స్నో తానే రాశాడు. తనకు అనుకూలమైన మాటను కూడా తూచి చెప్పిన మనిషి ఆయన. ఈ ఒక్క సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

నమ్మని పాదిరిగారు

కథ ఇంతటితో అయిపోలేదు. ఆ పేటలోని సెంట్ లూక్స్ దేవాలయంలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ సహాయక పాదిరి ఉండేవాడు. రోజంతా ఆ ఇళ్ల మధ్యనే తిరుగుతూ రోగులను పరామర్శించాడు. స్నో చెప్పింది ఆయన నమ్మలేదు. ఆ నీళ్లు తాగి కోలుకున్నవారిని ఆయన చూశాడు మరి. స్నో మాట తప్పని రుజువు చేద్దామని బయలుదేరాడు.

ఇల్లిల్లూ తిరిగాడు. ఒకే ఇంటికి రెండుసార్లు, మూడుసార్లు వెళ్లాడు. చనిపోయినవారి గురించే కాదు, బతికినవారు ఏ నీళ్లు తాగారో కూడా అడిగాడు. ఆ ఇళ్లవారు పాదిరిగారిని ఎరుగుదురు కాబట్టి మనసు విప్పి చెప్పారు. అడిగిన కొద్దీ లెక్క స్నో వైపే మొగ్గింది. చివరకు మొదటి రోగిని కనుక్కున్నది కూడా ఈయనే. బ్రాడ్ స్ట్రీట్ 40వ నంబరు ఇంట్లో ఒక పసిపాపకు, జబ్బు వీధిలో వ్యాపించకముందే విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి ఆ గుడ్డలు ఉతికిన నీళ్లను ఇంటి ముందరి మురుగుగుంటలో పోసింది. ఆ గుంట గోడలు శిథిలమై ఉన్నాయి. తవ్వి చూస్తే, గుంటకూ బావికీ మధ్య దూరం మూడడుగులకన్నా తక్కువ!

మరో సంగతి కూడా బయటపడింది. పంపు పిడి తీసిన రోజే ఆ పాప తండ్రికి కలరా సోకింది. మళ్లీ ఆ గుంటలోనే నీళ్లు పోశారు. పిడి ఉండి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోండి.

వైట్‌హెడ్ మనసు మార్చుకున్నాడు. తన అభిప్రాయం తప్పని చూపించే ఆధారాలను తానే పోగుచేసి, తానే ప్రకటించాడు. ఇది ఓటమి అని ఆయన అనుకోలేదు. పిల్లలు వాదనలో నెగ్గడం నేర్చుకోవడం సులభం, సత్యానికి తల వంచడం నేర్చుకోవడం కష్టం. ఈ పాదిరిగారి ఉదాహరణ రెండోది నేర్పుతుంది.

తరగతిలో ఎలా నడపాలి?

ఈ పద్ధతికి ఖర్చేమీ లేదు. పాత నోటుపుస్తకం కాగితాలూ, ఒక కత్తెరా చాలు. ఇంగ్లండులో 1998లో డేవిడ్ లీట్ సంపాదకుడుగా భూగోళం చెప్పే ఉపాధ్యాయుల కోసం ఒక పుస్తకం వెలువడింది. ఆధారాలను చీటీలుగా ఇచ్చే ఈ పద్ధతికి అందులో ‘మిస్టరీలు’ అనే పేరే పెట్టారు. మన బడికి తగినట్టు దానిని ఇలా నడుపుకోవచ్చు.

మొదట, బల్ల మీద ఒకే ప్రశ్న రాయండి. “హాంప్‌స్టెడ్‌లో ఉన్న విధవరాలు ఎందుకు చనిపోయింది?” లాంటిది. చిన్న ప్రశ్న అయితేనే పిల్లలకు పట్టు దొరుకుతుంది.

రెండు, ఆధారాలను ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్కటి చొప్పున రాయండి. పనికిరాని చీటీలు కూడా నాలుగైదు కలపండి. ‘ఆ ఏడు ఎండలు బాగా కాశాయి’, ‘ఆ వీధిలో గుర్రబ్బండ్లు తిరిగేవి’ లాంటివి అన్నమాట. నిజ జీవితంలో ఏది పనికివస్తుందో ఎవరూ గుర్తుపెట్టి ఇవ్వరు గదా. నలుగురైదుగురు పిల్లలకు ఒక కట్ట ఇవ్వండి.

మూడు, చీటీలను మూడు గళ్లలో సర్దమనండి: చూసినది, విన్నది, అనుకున్నది. ఈ ఒక్క పని పిల్లల మనసులను ఎంత మార్చుతుందో చెప్పలేము. తాము ‘తెలుసు’ అనుకున్నవాటిలో చాలా భాగం మూడో గడిలోనిదని వారే కనుక్కుంటారు.

నాలుగు, కనీసం రెండు ఊహలు చెప్పించండి. ఒక్క ఊహతో బయలుదేరినవాడికి దారిలో కనిపించేవన్నీ దానికి సాక్ష్యాలుగానే తోస్తాయి.

అయిదు, ఒక్కొక్క ఊహకూ “ఇదే నిజమైతే ఇంకేం జరిగి ఉండాలి?” అన్న ప్రశ్న వేయించండి.

ఆరు, జవాబును “ఎందుకంటే” అన్న మాటతో పూర్తి చేయమనండి. “నీళ్లే కారణం” అన్నది జవాబు కాదు. “నీళ్లే కారణం, ఎందుకంటే అదే వీధిలో ఉండి ఆ నీళ్లు తాగని పనివారు బతికారు” అన్నది జవాబు.

ఏడు, చివరగా అడగండి: “ఏ కొత్త సంగతి తెలిస్తే నీ జవాబు మార్చుకుంటావు?” దీనికి జవాబు లేనివాడు ఆలోచించడం లేదు, పట్టుబడుతున్నాడు.

టీచరు చేయవలసింది తక్కువ మాట్లాడటమే. జవాబు ముందే చెప్పేశారా, ఆట అక్కడితో ముగిసినట్టే. నెమ్మదిగా ఉండే పిల్లలు, వెనుక బెంచీల పిల్లలు ఈ పాఠంలో ముందుకు వస్తారు. కంఠస్థం చేసే శక్తి ఇక్కడ పెద్దగా అక్కరలేదు. పశువులను, పైరును, వానను రోజూ గమనించే పల్లె పిల్లలకు గమనించే కన్ను ముందే ఉంటుంది.

మన సికిందరాబాదు రహస్యం

మరో పీరియడుకు మన గడ్డ మీద తేలిన రహస్యమే ఉంది. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో ‘చెడ్డ గాలి’ అని అర్థం. జబ్బు పేరులోనే తప్పు జవాబు ఉందన్నమాట! రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు 1895లో సికిందరాబాదు వచ్చాడు. మలేరియాకు దోమతో సంబంధం ఉందని ఆయన అనుమానం. రోగుల రక్తం తాగిన దోమలను సూక్ష్మదర్శినిలో కోసి చూశాడు. ఏమీ కనిపించలేదు. మళ్లీ చూశాడు. రెండేళ్లు గడిచాయి.

ఇక్కడ పిల్లలను ఆపి అడగండి: “దోమ కాదని వదిలేయాలా?” ఆ ఫలితం ఏం రుజువు చేసిందో చూడండి. దోమ కాదని రుజువు చేయలేదు. తాను చూసిన రకం దోమ కాదని మాత్రమే చూపించింది. రాస్ రకం మార్చాడు. రెక్కల మీద మచ్చలున్న దోమలను లార్వాల నుంచి పెంచాడు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి డబ్బు పుచ్చుకుని ఆ దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. 1897 ఆగస్టు 20న ఆ రకం దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. మరుసటేడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం కూడా చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఉంది.

‘కనిపించలేదు’ అన్నదీ, ‘లేదు’ అన్నదీ ఒకటి కావు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఈ తేడా తెలిస్తే చాలు, ఆ పీరియడు వృథా కాలేదు.

చిన్న పిల్లలకు

సండేస్కూలు వయస్సు పిల్లలకు ఇంత పెద్ద రహస్యాలు అక్కరలేదు. మర్యాద రామన్న పేరుతో చెప్పుకునే పిల్లి కథ చాలు. నలుగురు ప్రత్తి వర్తకులు కలిసి ఒక పిల్లిని కొని, తలా ఒక కాలు పంచుకుంటారు. దెబ్బ తగిలిన కాలికి నూనె గుడ్డ కడితే, దానికి నిప్పంటుకుని ప్రత్తి అంతా కాలిపోతుంది. ఆ కాలి యజమానే నష్టం ఇవ్వాలని మిగిలిన ముగ్గురూ ఫిర్యాదు చేస్తారు. పిల్లలను తీర్పు చెప్పమనండి. ఆ తరువాత రామన్న ప్రశ్న అడగండి: దెబ్బ తగిలిన కాలు నేలకు ఆనదు గదా, పిల్లిని ప్రత్తి దగ్గరకు మోసుకుపోయిన కాళ్లు ఎవరివి?

షెర్లాక్ హోమ్స్ కథల్లో గుర్రం దొంగతనం కథ ఒకటి ఉంది. ఆ రాత్రి కుక్క మొరగలేదు. అందువల్ల వచ్చినవాడు కుక్కకు తెలిసిన మనిషేనని హోమ్స్ తేలుస్తాడు. జరగని సంగతి కూడా సాక్ష్యమే. పల్లె పిల్లలు దీనిని పట్నపు పిల్లలకన్నా ముందు పట్టుకుంటారు.

ఇంకొకటి, ఇంట్లో దీపం దగ్గర కూర్చుని ఆడుకోదగినది. కుండ పగిలింది. ముగ్గురిలో ఒకరు పగలగొట్టారు. రవి అన్నాడు: “సుజాత పగలగొట్టింది.” సుజాత అంది: “నేను కాదు.” మోషే అన్నాడు: “నేను కాదు.” ముగ్గురిలో ఒక్కరే నిజం చెప్పారు. ఎవరు పగలగొట్టారు?

రవి మాటా సుజాత మాటా ఒకదానికొకటి ఎదురు. ఆ రెండింటిలో ఒకటి నిజమై తీరాలి. నిజం చెప్పింది ఒక్కరే కాబట్టి మోషే మాట అబద్ధం. పగలగొట్టింది అతడే. పిల్లలు సంతోషిస్తారు. అప్పుడు రెండో ప్రశ్న వేయండి: “ఒక్కరే నిజం చెప్పారన్న మాట మనకు ఎవరూ చెప్పకపోతే?” పిల్లలు చాలాసేపు కొట్టుకుంటారు. సరైన జవాబు ఒకటే: చెప్పలేము. ఇది కూడా జవాబే అనీ, ఇందుకు కూడా పూర్తి మార్కులు వస్తాయనీ పిల్లలకు తెలియాలి. బయట ప్రపంచంలో ‘ఒక్కరే నిజం చెప్పారు’ అని మన చెవిలో చెప్పేవారు ఎవరూ ఉండరు.

కొన్ని జాగ్రత్తలు

బడిలో నిజంగా దొంగతనం జరిగినప్పుడు దానిని ఆటగా మార్చకండి. అది ఒక బిడ్డ పరువుతో చెలగాటం. కల్పిత రహస్యంలో కూడా తరగతిలోని పిల్లల పేర్లు, వారి వీధి, వారి కులం స్ఫురించే గుర్తులు పెట్టకండి. పేదవాడినో, పనిమనిషినో, వికలాంగుడినో ప్రతిసారీ నేరస్థుడుగా చూపే కథలు వద్దు. అటువంటి కథ తర్కం పేరుతో పక్షపాతం నేర్పుతుంది.

ప్రశ్నలు అడగడం అలవాటైతే పిల్లలు విశ్వాసం కోల్పోతారేమోనని భయపడేవారు బెరయవారిని గుర్తుచేసుకోవాలి. పౌలు చెప్పినవి నిజమో కాదో వారు దినదినమూ లేఖనాలు వెదకి చూసుకున్నారు. అపొస్తలుల కార్యములు వారిని మెచ్చుకుంది, గద్దించలేదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ఇదంతా బడి ముచ్చట అనుకోకండి. ఊళ్లో వరసగా ఇద్దరు పిల్లలకు జ్వరం వస్తుంది. ఒక గేదె చస్తుంది. ఎవరో ఒక ముసలమ్మ పేరు గుసగుసగా అంటారు. మరునాటికి ఊరంతా అదే పేరు అంటుంది. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన వార్తలూ, చంపిన వార్తలూ తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఎన్నిసార్లు చదివాము! అలా పోయినవారిలో విధవరాండ్రు ఉన్నారు, వృద్ధులు ఉన్నారు, దిక్కులేనివారు ఉన్నారు.

ఆ గుంపులో చదువుకున్నవారు కూడా ఉంటారు. కాని “నీకెలా తెలుసు?” అని అడిగేవారే ఉండరు. జబ్బు పడిన పిల్లలు ఏ బావి నీళ్లు తాగారు? జబ్బు పడని ఇళ్లవారు ఏ నీళ్లు తాగారు? గేదె మేసింది ఎక్కడ? ఆ ముసలమ్మ కారణమైతే ఆమె పక్కింటివారు ఎలా క్షేమంగా ఉన్నారు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగే ఒక్క పిల్లవాడు ఊళ్లో ఉంటే డాక్టరు ముందు వస్తాడు, కర్ర తరువాత కూడా రాదు.

మోషే ధర్మశాస్త్రంలో ఒక్క సాక్షి మాట మీద ఏ మనిషి నేరాన్నీ స్థిరపరచకూడదని ఉంది. న్యాయాధిపతులు బాగుగా విచారించాలని కూడా అక్కడే ఉంది. మొదట మాట్లాడినవాడి మాట న్యాయంగానే తోస్తుందనీ, ఎదుటివాడు వచ్చి పరిశోధించాకనే సంగతి తేలుతుందనీ సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను మన పిల్లలు కంఠస్థం చేశారు. తెలియనిదానిని తెలుసునని చెప్పడం కూడా ఆ ఆజ్ఞను మీరడమేనని వారికి ఎవరు చెబుతారు?

తల్లులారా, తండ్రులారా, ఉపాధ్యాయులారా! ఈ వారమే ఒక సాయంకాలం భోజనాలయ్యాక బ్రాడ్ స్ట్రీట్ రహస్యం మీ పిల్లలకు చెప్పండి. జవాబు చెప్పకుండా ఆపండి. వారిని వాదించుకోనివ్వండి. మీరు ఏదైనా గట్టిగా అన్నప్పుడు మీ చిన్నవాడు లేచి “నాన్నా, నీకెలా తెలుసు?” అని అడిగితే కోపపడకండి. కూర్చోబెట్టుకుని కారణం చెప్పండి. కారణం లేకపోతే లేదని చెప్పండి.